రాగి గొట్టమా, ప్లాస్టిక్ గొట్టమా? - స్టాకిస్టు లెక్క

ఇళ్ళ నీటి గొట్టాల వ్యాపారంలో ఒక విచిత్రం ఉన్నది. వేడినీటికి వాడే సి.పి.వి.సి. గొట్టం బయటి కొలత రాగి గొట్టం కొలతనే అనుసరిస్తుంది. అరంగుళం గొట్టం రాగిదైనా, సి.పి.వి.సి.ది అయినా చుట్టు వ్యాసం సుమారు 15.9 మిల్లీమీటర్లే. కొలత రాగిదే మిగిలింది. గిరాకీ మాత్రం ప్లాస్టిక్‌కు పోయింది.

మన పట్టణాలలో చాలాకాలం జి.ఐ. గొట్టానిదే రాజ్యం. 1990 దశకం చివర సి.పి.వి.సి. దేశంలో ప్రవేశించి క్రమంగా ఆ స్థానాన్ని ఆక్రమించింది. రాగి మన ఇళ్ళ నీటి పనిలో ఎన్నడూ పెద్ద ఎత్తున నిలదొక్కుకోలేదు. ఎయిర్ కండిషనర్లు, ఆసుపత్రుల ఆక్సిజన్ లైన్లు దానికి ప్రధాన గిరాకీ. అయినా ఖరీదైన ఇల్లు కట్టుకునేవారు రాగి మాట ఎత్తుతూనే ఉంటారు. జవాబు చెప్పవలసింది దుకాణదారే. ఆ జవాబు మీద అతని సరుకు, పేరు రెండూ ఆధారపడి ఉంటాయి.

తూకంలో తేడా

ఒక మిల్లీమీటరు మందం గల అరంగుళం రాగి గొట్టం మీటరుకు సుమారు 420 గ్రాములు తూగుతుంది. అదే కొలత సి.పి.వి.సి. గొట్టం సుమారు 120 గ్రాములు మాత్రమే. ఒక ఇంటికి 100 మీటర్లు పట్టితే రాగి 42 కిలోలు, ప్లాస్టిక్ 12 కిలోలు. రాగి కిలోకు 100 రూపాయలు పెరిగితే ఆ ఇంటి బిల్లు మీద 4,200 రూపాయల భారం పడుతుంది. ప్లాస్టిక్ ముడిసరుకు కిలోకు 20 రూపాయలు పెరిగినా భారం 240 రూపాయలకు మించదు.

కూలి లెక్క కూడా వేరు. రాగి అతుకులకు మంట, సోల్డరు, చేయి తిరిగిన పనివాడు కావాలి. సి.పి.వి.సి.కి సిమెంటు అనే జిగురు చాలు. అయితే రాగికి ఒక మెరుగు ఉన్నది: ఇల్లు పడగొట్టిన నాడు పాత గొట్టం తుక్కు ధరకు అమ్ముడుపోతుంది. పాత ప్లాస్టిక్‌కు ఆ విలువ లేదు.

ధరల పోకడ

లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో టన్ను రాగి 2020 మార్చిలో 5,000 డాలర్ల దిగువకు జారింది. 2021 మేలో 10,000 డాలర్లను, 2024 మేలో 11,000 డాలర్లను దాటింది. తూత్తుకుడిలోని 4 లక్షల టన్నుల కర్మాగారం 2018 మేలో మూతపడడంతో, అంతవరకు రాగిని ఎగుమతి చేసిన దేశం నికర దిగుమతిదారుగా మారింది. కనుక రాగి సరుకు పెట్టేవారు లండన్ ధరతోపాటు డాలరు మారకం రేటును కూడా గమనించవలసి వచ్చింది.

ప్లాస్టిక్ ధర నిలకడ అనుకోవడం పొరపాటు. పి.వి.సి.లో 57 శాతం ఉప్పు నుంచి వచ్చే క్లోరిన్. మిగతాది ముడిచమురు, బొగ్గు వంటి వనరుల నుంచి వస్తుంది. దేశ అవసరంలో సగానికి పైగా రెసిన్ దిగుమతి అవుతున్నది. 2021 చివర శిఖరానికి చేరిన ధర 2022 చివరకు దాదాపు సగానికి పడిపోయింది. గోదాములు నింపుకున్నవారు దెబ్బ తిన్నారు. రాగి కొన్నవారు ఫ్యూచర్స్‌లో అమ్మి కొంత రక్షణ పొందవచ్చు. పి.వి.సి.కి దేశంలో అటువంటి చురుకైన వాయిదా బజారు లేదు.

వేడినీటి వద్ద చిక్కు

ఫిర్యాదులు ఎక్కువగా పుట్టేది వేడినీటి లైను వద్దనే. మామూలు పి.వి.సి. గొట్టానికి వర్తించే ఐ.ఎస్. 4985 ప్రమాణం 45 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకే. గీజరు నీరు 60 డిగ్రీలు దాటడం సాధారణం. చవక కదా అని అక్కడ పి.వి.సి. ఇస్తే అతుకు వదులుతుంది, గొట్టం వంగుతుంది. సి.పి.వి.సి.కి వర్తించే ఐ.ఎస్. 15778 ప్రమాణం 82 డిగ్రీల వద్ద కూడా ఒత్తిడి పరిమితిని నిర్దేశిస్తుంది.

వేడికి సాగడంలో సి.పి.వి.సి. రాగికి సుమారు నాలుగు రెట్లు. 10 మీటర్ల గొట్టం 40 డిగ్రీలు వేడెక్కితే రాగి 7 మిల్లీమీటర్లు సాగుతుంది, సి.పి.వి.సి. సుమారు 27. గోడలో బిగించి పూడ్చితే పగులుకు తావు ఇచ్చినట్లే. మేడ మీది సోలార్ హీటరులో ఎండాకాలం మధ్యాహ్నం నీరు మరిగే స్థాయికి దగ్గరగా పోవచ్చు. అక్కడి మొదటి కొద్ది మీటర్లకు రాగి ఇవ్వడం మేలు. ఎండకు పాడుకాదు, వేడికి లొంగదు. కాని ఆమ్లగుణం గల నీరు రాగిని తినేస్తుంది. రాగి తరువాత జి.ఐ. గొట్టం కలిపితే జి.ఐ. త్వరగా తుప్పు పడుతుంది.

అమెరికా అనుభవం

చవకకు ఆశపడితే ఏమవుతుందో అమెరికా చూసింది. 1978 నుంచి 1990 దశకం మధ్య వరకు రాగికి బదులు లక్షల ఇళ్ళలో పాలీబ్యూటిలీన్ గొట్టాలు వేశారు. నీటిలోని క్లోరిన్‌కు గొట్టాలు, అతుకులు పెళుసెక్కి కారసాగాయి. 1995లో దావా రాజీకి 95 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదన్నది వారు నేర్చిన పాఠం.

వర్తకులకు

చన్నీటికి పి.వి.సి., గీజరుకు సి.పి.వి.సి., సోలారు మొదటి లైనుకు రాగి అని విడదీసి చెప్పే దుకాణానికి ఫిర్యాదులు తక్కువ. రాగిని ఆర్డరు, బయానా తీసుకున్న తరువాతనే తెప్పించడం క్షేమం. ప్లాస్టిక్‌ను ధర పడుతున్న రోజుల్లో రెండు మూడు వారాల అమ్మకానికి మించి నిలువ పెట్టరాదు. గొట్టం మీద ఐ.ఎస్. సంఖ్య చూడకుండా సరుకు దింపుకోరాదు. సీసపు స్టెబిలైజర్లపై కేంద్రం 2021లో నియమావళి తెచ్చినందున తాగునీటి గొట్టాలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. బేరంలో రూపాయి తగ్గినా మళ్ళీ సంపాదించుకోవచ్చు. పూడ్చిన గోడ పగులగొట్టవలసి వచ్చిన ఇంటివాడు మాత్రం ఆ దుకాణం గడప మళ్ళీ తొక్కడు.