ఎర్రపూసలు ఎవరి తప్పు?

ఈ వారం ఎపిసోడ్ విన్నాక కొందరు తమ్ముళ్లు మెసేజ్ పెట్టారు. "అన్నా, డ్యూటీలో విన్నాం, సగమే అర్థమైంది. ఆ ఎర్రపూసల సంగతి, ఆ లెక్క రాసి పెట్టండి" అని. అందుకే ఇది రాస్తున్నా. నేను ఐటీఐ చదివి గల్ఫ్‌కు వచ్చినవాణ్ని, ఇప్పుడు సైట్‌లో సూపర్‌వైజర్‌ని. స్టాటిస్టిక్స్ నా చదువు కాదు. కానీ ఆ లెక్క తెలియక ఒక మనిషికి అన్యాయం చేశాను. అక్కడి నుంచే మొదలుపెడతా.

ఆ వార్నింగ్ లెటర్

కాంక్రీటు పోసిన రోజు క్యూబులు తీస్తాం కదా. 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని ల్యాబ్‌లో పగలగొట్టి బలం చూస్తారు. మాది 40 గ్రేడు కాంక్రీటు. ఒకసారి 28 రోజుల రిజల్ట్ 38.5 వచ్చింది. కన్సల్టెంట్ నిలదీశాడు. మేనేజర్ నన్ను అడిగాడు, నేను క్యూబులు తీసిన హెల్పర్‌ను అడిగాను. జగిత్యాల దిక్కు పిల్లగాడు. "ఎప్పటిలాగనే చేసిన అన్నా" అన్నాడు. కాగితం మీద ఎవరిదో ఒక పేరు రాయాలి. అతని పేరు రాశాను. రెండు రోజుల జీతం కోశారు. తర్వాత కాంట్రాక్టు రెన్యువల్ కాలేదు, ఇంటికి వెళ్లిపోయాడు. ఆ కాగితం మీద సంతకం నాది.

కొన్ని నెలల తర్వాత క్యూసీలో పనిచేసే ఒక మలయాళీ ఇంజినీరు నాకు డెమింగ్ గురించి చెప్పాడు.

ఎవరీ డెమింగ్?

విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్ 1900లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనమంతా ఇబ్బందులే. వయోమింగ్‌లో కొన్నేళ్లు తారుకాగితం కప్పిన గుడిసెలో బతికారు. చదువు మాత్రం వదల్లేదు, 1928లో యేల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాడు. అంతకుముందు 1925, 26 వేసవుల్లో షికాగో దగ్గర టెలిఫోన్ సామాన్లు తయారుచేసే హాథోర్న్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. వేలమంది కార్మికులు పనిచేసే చోటు అది. కార్మికుడి కష్టం అక్కడ దగ్గర నుంచి చూశాడు.

ఆ తర్వాత అతనికి వాల్టర్ షూహార్ట్ పరిచయమయ్యాడు. 1924లోనే షూహార్ట్ ఒక చార్టు తయారుచేశాడు. ఇప్పుడు కంట్రోల్ చార్ట్ అంటున్నది దాన్నే. దాని వెనకున్న ఆలోచన మన క్యాంపు బస్సుతో చెప్తా. క్యాంపు నుంచి సైట్‌కు ఒకరోజు 40 నిమిషాలు పడుతుంది, ఒకరోజు 52. సిగ్నళ్లు, ట్రాఫిక్, ఎక్కేవాళ్లు లేటు, ఇలా అన్నీ కలిసి రోజూ ఉండే తేడా ఇది. దీనికి డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు. కానీ ఒకరోజు టైరు పేలి రెండు గంటలు పట్టింది అనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజు ఏం జరిగిందో వెతకాలి. ఈ రెండు రకాల తేడాలను విడదీయడమే ఆ చార్టు పని.

డెమింగ్ అమెరికా వ్యవసాయ శాఖలో, తర్వాత జనాభా లెక్కల శాఖలో పనిచేశాడు. 1946 నుంచి సొంతంగా కన్సల్టెంట్. 1950లో జపాన్ శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల సంఘం పిలిస్తే వెళ్లి ఈ పాఠాలు చెప్పాడు. ఇంజినీర్లతో ఆపలేదు, కంపెనీల పెద్ద తలకాయలనూ కూర్చోబెట్టి చెప్పాడు. ఎందుకంటే మార్చాల్సింది వాళ్ల చేతిలోనే ఉంది. ఆ పాఠాల పుస్తకం మీద వచ్చే డబ్బు తనకు వద్దన్నాడు. దాంతోనే 1951లో అక్కడ డెమింగ్ ప్రైజ్ పెట్టారు. సొంత దేశంలో మాత్రం 1980లో ఒక టీవీ కార్యక్రమం వచ్చేదాకా మామూలు జనానికి ఆయన పేరు తెలియదు. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. ఆ తర్వాత పెద్ద పెద్ద కార్ల కంపెనీలు ఇంటికొచ్చి పిలిచాయి. 1993లో పోయేదాకా సెమినార్లు చెప్తూనే ఉన్నాడు.

పూసల ఆట

ఆ సెమినార్లలో ఆయన ఆడించే ఆట ఇది. ఒక డబ్బా నిండా పూసలు. అయిదింట ఒక వంతు ఎర్రవి, మిగతావి తెల్లవి. 50 గుంటలున్న ఒక పలక ఇస్తారు. ఆరుగురు "కార్మికులు" వంతులవారీగా దాన్ని డబ్బాలో ముంచి తీయాలి. తెల్లపూస మంచి సరుకు, ఎర్రపూస చెడ్డ సరుకు. డెమింగ్ ఫోర్‌మన్ వేషం కడతాడు.

ఒకరికి 6 ఎర్రపూసలు వస్తాయి. "శభాష్, జీతం పెంచుతాం" అంటాడు. ఇంకొకరికి 14. "నీకు శ్రద్ధ లేదు" అని వార్నింగ్. మర్నాడు శభాష్ అనిపించుకున్నవాడికి 12, తిట్లు తిన్నవాడికి 8. "చూశారా, తిడితే బాగుపడ్డాడు" అంటాడు. అందరూ నవ్వుతారు. నేను నవ్వలేదు. నా సైట్‌లో నేను చేసిందే అది.

డబ్బాలో అయిదో వంతు ఎర్రవే ఉంటే సగటున 10 ఎర్రపూసలు రాక తప్పదు. ఎవరు ముంచినా అంతే. తగ్గాలంటే డబ్బాలోంచి ఎర్రపూసలు తీసేయాలి. అది కార్మికుడి చేతిలో లేదు. ఇబ్బందుల్లో 94 శాతం దాకా పని పద్ధతి వల్ల వచ్చేవే, అది మేనేజ్‌మెంట్ బాధ్యతే అని డెమింగ్ తన అనుభవంతో అంచనా వేశాడు.

నా నోట్‌బుక్ లెక్క

పాత క్యూబు రిజల్ట్‌లు 24 తీసి వరసగా రాసుకున్నా. మీరూ చేసుకోవచ్చు, పదో తరగతి లెక్కే.

ముందు అన్నింటి సగటు తీయాలి. నాకు 46 వచ్చింది. తర్వాత పక్కపక్కనున్న రెండు అంకెల మధ్య తేడా రాయాలి. 46, 43 ఉంటే 3 అన్నమాట. ఆ తేడాల సగటు నాకు 3 వచ్చింది. దాన్ని 2.66తో గుణిస్తే దాదాపు 8. సగటుకు 8 కలిపితే 54, తీసేస్తే 38. ఈ 38, 54 మధ్య ఏది వచ్చినా అది మా పద్ధతిలో మామూలే. బయటికి వస్తేనే ఆ రోజు ఏదో జరిగిందని వెతకాలి.

ఆ పిల్లగాడి 38.5 లోపలే ఉంది.

అంటే 38.5 మంచిదని కాదు. 40 రావాల్సిన చోట తక్కువే. కానీ మేం పనిచేసే తీరులోనే అప్పుడప్పుడు అలాంటి రిజల్ట్ రావడం రాసి ఉంది. అతని చోట ఇంకెవరున్నా వచ్చేది. మనిషిని మారిస్తే పోదు, పద్ధతి మార్చాలి.

వెతికితే దొరికింది. క్యూబులు రాత్రంతా స్లాబ్ మీద అలాగే, పొద్దున ఎండ ఎక్కేదాకా. పైన తడి గోనె లేదు. ట్రక్కు ఎంతసేపు ఆగిందో రాసేవాళ్లు లేరు. నీడకు షెడ్ వేయించాం, తడి గోనె కప్పించాం, మర్నాడు టైముకు అచ్చులు విప్పి నీళ్ల ట్యాంకులో వేయించాం, ట్రక్కు వచ్చిన టైము రాయించాం. తర్వాతి 20 రిజల్ట్‌లకు సగటు 47, తేడాల సగటు 2. కింది గీత 40 దాటి పైకొచ్చింది. ఎవరికీ వార్నింగ్ ఇవ్వలేదు.

మనవాళ్లలోనూ

ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు. తెలుగు కుటుంబంలో పుట్టి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు గారు 1940లలో చేసిన లెక్కలను తర్వాత ఫ్యాక్టరీల్లో ప్రయోగాలకు వాడారు. జపాన్ ఇంజినీరు టగుచి పద్ధతుల కింద ఉన్న పునాదుల్లో అదొకటి. ఆయన పనిచేసిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు హైదరాబాద్‌లోనూ క్వాలిటీ విభాగం ఉంది. ఇంటర్ చదివే పిల్లలుంటే చెప్పండి, ఇదీ ఒక బతుకుదెరువే.

మనం చేయగలిగేది

మీరు ఫోర్‌మన్ అయితే, పేరు రాసే ముందు 20 అంకెలు రాయండి. హెల్పర్ అయినా, మేస్త్రీ అయినా మీ పని అంకెలు, తారీఖు, టైము ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. నింద వచ్చిన రోజు నోటిమాట నిలవదు, రాసిన అంకె నిలుస్తుంది. డెమింగ్ చెప్పిన 14 సూత్రాల్లో ఎనిమిదోది భయం పోగొట్టమని. అది ఎందుకో నాకు ఆలస్యంగా అర్థమైంది.

లెక్క తేలాక ఆ పిల్లగాడికి ఫోన్ చేశాను. తప్పు నాదని చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "క్యూబులు ఎండల ఉంటున్నయని నాకు తెలుసన్నా. చెప్తే తిడతరని చెప్పలే."