విమానం ఎయిర్‌లైన్స్‌ది కాదా? గో ఫస్ట్ కేసు బయటపెట్టిన లీజు సంగతి

2023 మే 3న గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. టికెట్లు కొన్నవాళ్లు రీఫండ్ కోసం తిరిగిన సంగతి అందరికీ తెలుసు. కానీ అదే కేసులో ఇంకొకరు కూడా ఇరుక్కుపోయారు. వాళ్లు ఆ విమానాల అసలు యజమానులు, అంటే విదేశీ లీజు కంపెనీలు. మన దేశంలో ఎగిరే విమానాల్లో ఎక్కువ భాగం ఇలా లీజుకు తెచ్చినవే.

ఫైనాన్స్‌లో ఆటో తీసుకున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆర్‌సీ మన పేరు మీదే ఉంటుంది, దాని మీద ఫైనాన్సర్ హక్కు రాసి ఉంటుంది. కిస్తీ కట్టకపోతే వాడు బండి పట్టుకెళ్లి, అమ్మి, బాకీ తీర్చుకుంటాడు. లీజులో అలా కాదు. బండి మొదటి నుంచీ వాడిదే, మనం కట్టేది కిరాయి. కిరాయి ఆగితే ఒప్పందం రద్దు చేసి తన వస్తువు తాను తీసుకెళ్తాడు. అప్పిచ్చే వాళ్లకు ఇంతకన్నా గట్టి హామీ ఏముంటుంది? అందుకే పేరుకు అద్దె అయినా పని మాత్రం తాకట్టుదే. ఓడల వ్యాపారంలోనూ ఇదే పద్ధతి నడుస్తుంది. కంపెనీ తన ఓడను అమ్మేసి, మళ్లీ అదే ఓడను కిరాయికి తీసుకుంటుంది.

గో ఫస్ట్ దివాలా పిటిషన్‌ను ఎన్‌సీఎల్‌టీ మే 10న అనుమతించింది. దాంతో దివాలా చట్టం 14వ సెక్షన్ కింద మారటోరియం వచ్చింది. బ్యాంకుల వసూళ్లే కాదు, యజమాని తన సొంత ఆస్తిని వెనక్కి తీసుకోవడాన్ని కూడా ఈ సెక్షన్ ఆపుతుంది. అంటే విమానం నాదే, కానీ ముట్టుకోలేను! నేలమీద ఊరికే నిలబెడితే విమానం పాడవుతుందని వేరే చెప్పాలా?

2001 కేప్‌టౌన్ ఒప్పందం ఇలాంటి పరిస్థితి కోసమే పుట్టింది. తాకట్టుతో పాటు లీజునూ అది తన పరిధిలోకి తెచ్చింది. మన దేశం 2008లో అందులో చేరి, దివాలా వస్తే రెండు నెలల్లో బకాయి తీర్చాలి, లేదా విమానం అప్పగించాలి అనే పద్ధతికి ఒప్పుకుంది. కానీ దానికి తగ్గ చట్టం చేయలేదు. గొడవంతా అక్కడే. 2023 అక్టోబర్ 3న కేంద్రం విమానాలను మారటోరియం నుంచి తప్పిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. చివరికి 2024 ఏప్రిల్ 26న, 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు ప్రక్రియ ఐదు పనిదినాల్లో పూర్తి చేయాలని డీజీసీఏను ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. అప్పటికే దాదాపు ఏడాది గడిచింది. ఒప్పందానికి చట్టబలం ఇచ్చే బిల్లును పార్లమెంటు 2025 ఏప్రిల్‌లో ఆమోదించింది.

మన ఇళ్లలో వినే ఇజారా కూడా లీజే. అయితే అందులో యజమాని అన్నాక యజమాని బరువు కూడా మోయాలి. విమానం పూర్తిగా నాశనమైతే ఆ తర్వాత కిరాయి అడగకూడదు. మామూలు ఫైనాన్స్ లీజుల్లో ఆ భారాన్ని ఎయిర్‌లైన్స్ మీదే వేస్తారు, నా దృష్టిలో అసలు తేడా అదే. ఈ రంగానికి ఇస్లామిక్ ఫైనాన్స్ కొత్తేమీ కాదు. 2015లో ఎమిరేట్స్ నాలుగు ఏ380 విమానాల కోసం 91.3 కోట్ల డాలర్ల సుకూక్ జారీ చేసింది.

మరి టికెట్ కొన్నవాళ్ల సంగతి? వాళ్ల చేతిలో తాకట్టూ లేదు, లీజూ లేదు. చట్టం దృష్టిలో హామీ లేని అప్పులవాళ్ల వరుసలోనే నిలబడాలి. 2025 జనవరిలో ఎన్‌సీఎల్‌టీ గో ఫస్ట్ లిక్విడేషన్‌కు ఆదేశించింది.