మందుల చిట్టా మీ దగ్గరుందా?

ఇంట్లో పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే హడావుడిగా ఏమేం సర్దుకుంటాం? ఆధార్, ఆరోగ్య బీమా కార్డు, రెండు జతల బట్టలు, ఫ్లాస్కు, ఫోన్ ఛార్జర్. వాళ్లు రోజూ వేసుకునే మాత్రల సంగతి మాత్రం 'అక్కడ డాక్టర్లు చూసుకుంటార్లే' అని వదిలేస్తాం. ఆసుపత్రుల్లో మందుల విషయంలో తలెత్తే చిక్కుల్లో చాలావాటికి ఇక్కడే బీజం పడుతుంది. ఒక్క కాగితం మీద రాసిన మందుల జాబితా వీటిలో ఎన్నింటినో తప్పించగలదు. ఆ కాగితం ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండాలి.

ఎందుకంటే ఆసుపత్రిలో రోగిని ఒక్క డాక్టరే చూడరు. ఎమర్జెన్సీలో ఒకరు, ఐసీయూలో ఇంకొకరు, వార్డులో మరొకరు చూస్తారు. షిఫ్టు మారితే నర్సు మారతారు. కిడ్నీల కోసం ఓ నిపుణుడు, గుండె కోసం మరో నిపుణుడు వచ్చి వెళ్తారు. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా రోగి వెంట మారకుండా ఉండేది ఇంటివాళ్లే.

మూడు గుమ్మాల దగ్గర జాగ్రత్త

మందుల వల్ల కలిగే, నివారించదగిన హానిని తగ్గించాలంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో 'హాని లేని ఔషధ వినియోగం' పేరుతో ఓ కార్యక్రమం చేపట్టింది. మందుల పొరపాట్ల మూలంగా ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 4,200 కోట్ల డాలర్ల భారం పడుతోందని అప్పట్లో అంచనా వేసింది. మూడు విషయాల మీద ముందుగా దృష్టి పెట్టాలని చెప్పింది. ఒకటి, ప్రమాదం ఎక్కువగా ఉండే మందులు, సందర్భాలు. రెండోది, ఒకేసారి చాలా మందులు వాడటం. మూడోది, రోగి ఒకచోటి నుంచి మరోచోటికి మారటం.

మన ఇళ్లలోని పెద్దవాళ్లకు చాలాసార్లు ఈ మూడూ కలిసే వస్తాయి. కాబట్టి ఆసుపత్రిలో చేరేటప్పుడు, లోపల వార్డు మారేటప్పుడు, ఇంటికి బయల్దేరేటప్పుడు.. ఈ మూడు గుమ్మాల దగ్గర ఒక్క క్షణం ఆగి మందులు సరిచూసుకోవాలి.

చేరేటప్పుడు: సంచీతో సహా తీసుకెళ్లండి

'ఇప్పటికే ఏమైనా మందులు వాడుతున్నారా?' అని డాక్టర్ అడుగుతారు. 'బీపీకి ఒకటి, షుగర్‌కి రెండు, ఇంకేదో తెల్లగా చిన్నది' అంటే వారికి తెలిసేది తక్కువ. జాబితా రాసి లేకపోతే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకొని తీసుకెళ్లి చూపించండి.

కొన్ని మందులు హఠాత్తుగా ఆగితే ప్రమాదం. మూర్ఛ మాత్రలు ఆగితే మళ్లీ ఫిట్స్ రావొచ్చు. చాలాకాలంగా స్టిరాయిడ్ మాత్రలు వేసుకునేవారికి అవి ఒక్కసారిగా ఆగిపోతే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. స్టెంట్ వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు మానేస్తే స్టెంట్ మూసుకుపోయే ముప్పుంది. కాలు విరిగి ఎముకల వార్డులో చేరిన వ్యక్తికి మూర్ఛ ఉందని మీరు చెబితేనే అక్కడివారికి తెలుస్తుంది.

మరికొన్ని మందులు ఆపరేషన్‌కు ముందు ఆపాల్సి ఉంటుంది. మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలను ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్లకు కనీసం 3 రోజుల ముందు నుంచి ఆపమంటారు. వీటితో గ్లూకోజు అంతగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పేరుకునే అవకాశముంటుంది. రక్తాన్ని పల్చబరిచే మందులను ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అనేది డాక్టరే నిర్ణయించాలి. మీ పని ఆపటం కాదు, చెప్పటం.

చెప్పేటప్పుడు నాటు మందులు, ఆయుర్వేద గుళికలు, మోకాళ్ల నొప్పులకు షాపులో కొనుక్కునే మాత్రలు దాచొద్దు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు కిడ్నీల మీద భారం మోపుతాయి. ఆ సంగతి తెలిస్తే డాక్టర్ మిగతా మందులనూ దాన్నిబట్టే ఎంచుకుంటారు.

గతంలో ఏ మందైనా పడకపోతే మందు పేరుతో పాటు అప్పుడేమైందో కూడా చెప్పండి. దద్దుర్లా, ముఖం ఉబ్బటమా, ఊపిరాడకపోవటమా? 'పెన్సిలిన్ పడదు' అనేది చిన్న మాట కాదు. అమాక్సిసిలిన్, పైపరాసిలిన్ కూడా ఆ కుటుంబానివే. కేసు షీటులో ఈ విషయం రాశారో లేదో అడిగి మరీ చూసుకోండి.

వార్డులో: అడగటం తప్పు కాదు

'సిస్టర్, ఇదేం మందండీ? దేనికిస్తున్నారు?' అని మర్యాదగా అడగటానికి మొహమాటం అక్కర్లేదు. సరైన వ్యక్తికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన సమయానికి ఇవ్వాలని నర్సులు చదువులోనే నేర్చుకుంటారు. మీ ప్రశ్న ఆ పని మరోసారి సరిచూసుకోవటానికి తోడ్పడుతుంది. మందు ఇచ్చే ముందు పేరు అడిగితే విసుక్కోవద్దు. ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు, ముగ్గురు లక్ష్ములు ఉండటం మనకు కొత్త కాదు కదా. అయితే నర్సు మందు కలుపుతున్నప్పుడో, సిరంజిలోకి లాగుతున్నప్పుడో పలకరించకండి. ఆ పని అయ్యాకే అడగండి.

రెండు పనులు మాత్రం ఎప్పుడూ చేయొద్దు. మొదటిది, సెలైన్ నెమ్మదిగా పోతోందని గొట్టానికున్న చక్రాన్ని తిప్పటం. ఆ సీసాలో పొటాషియం కలిపి ఉండొచ్చు. అది వేగంగా ఎక్కితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. రెండోది, ఇంటి నుంచి తెచ్చిన మాత్రలు ఎవరికీ చెప్పకుండా వేయటం. అదే మందు ఆసుపత్రివాళ్లు వేరే పేరుతో ఇస్తూ ఉండొచ్చు.

ఐసీయూ నుంచి గదికి మార్చినప్పుడు ఓసారి అడగండి: 'అక్కడిచ్చిన మందుల్లో ఏవి కొనసాగుతున్నాయి? ఇంటి దగ్గర వాడేవి మళ్లీ మొదలుపెట్టారా?' ఐసీయూలో తాత్కాలికంగా ఆపిన థైరాయిడ్ మాత్ర గుర్తుచేసేవారు లేక అలాగే ఆగిపోవటం ఇలాంటప్పుడే జరుగుతుంది.

మందుల కౌంటర్ దగ్గర

చాలా ఆసుపత్రుల్లో చీటీ పట్టుకొని కింద ఫార్మసీకి వెళ్లి మందులు తెచ్చేది అటెండెంటే. అక్కడే పేరు, మోతాదు, గడువు తేదీ చూసుకోండి. రాసిన బ్రాండ్ లేదని మరొకటి ఇస్తే వాడే ముందు డాక్టర్‌కో నర్సుకో చూపించండి. పేరు చివరి అక్షరాల్నీ వదలొద్దు. 'టెల్మా' వేరు, 'టెల్మా-హెచ్' వేరు, 'టెల్మా-ఏఎం' వేరు. మొదటి దాంట్లో ఉన్నది ఒక్క మందే, మిగతా రెండింట్లో దానికి ఇంకో బీపీ మందు కలిసి ఉంటుంది. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే మందు అసలు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ తెలుస్తాయి.

ఇన్సులిన్ విషయంలో మరింత జాగ్రత్త. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దీనికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల కార్ట్రిడ్జిలో ఉండేది 100 యూనిట్లది. పెన్ను పనిచేయట్లేదని కార్ట్రిడ్జి నుంచి ఎర్ర మూత సిరంజిలోకి '10' గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 10 యూనిట్లు కాదు, 25! గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతుంది. అలాగే ఇన్సులిన్ ఇచ్చాక భోజనం ఆలస్యమైతే నర్సుకు చెప్పండి. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే పిలవండి.

డిశ్చార్జి రోజు: తొందర వద్దు

బిల్లు, బీమా అనుమతి, కారు.. అందరి ధ్యాసా వీటి మీదే ఉంటుంది. మందుల గురించి చెప్పేవారు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు, మనం తలూపుతాం. అసలు తిప్పలు ఇంటికొచ్చాక మొదలవుతాయి. ఇంట్లో పాత డబ్బాలో 'టెల్మా' ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో 'టెల్మికైండ్' ఉంటుంది. రెండూ టెల్మిసార్టానే. రెండూ వేసుకుంటే బీపీ పడిపోయి, తెల్లవారుజామున బాత్రూమ్‌కు లేచిన పెద్దాయన కళ్లు తిరిగి పడిపోవచ్చు. అలాగే డోలో, క్రోసిన్, కాల్పాల్.. మూడూ పారాసిటమాలే.

అందుకే బయల్దేరే ముందు పాత జాబితాను, డిశ్చార్జి కాగితాన్ని పక్కపక్కన పెట్టి ప్రతి మందు గురించీ నాలుగు విషయాలు అడగండి. ఇది పాతదేనా, కొత్తదా? మోతాదు మారిందా? పాతవాటిలో ఏవి పూర్తిగా మానేయాలి? కొత్తవి ఎన్నాళ్లు వాడాలి? నాలుగోది మరీ ముఖ్యం. పది రోజులకని రాసిన గ్యాస్ మాత్ర, నిద్ర మాత్ర ఏళ్ల తరబడి సాగుతున్న ఇళ్లు ఎన్నో. కొన్ని ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టులు ఉంటారు. ఉంటే వారితో మాట్లాడించమని అడగండి.

మానేయమన్న మందులను ఇంటికెళ్లగానే డబ్బాలోంచి తీసేయండి. ఇంకో రెండు సంగతులు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలకే ముప్పు. ఏ వారమో క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఇక ముక్కు గొట్టంతో ఇంటికొచ్చిన పక్షవాత బాధితులకు మాత్రలు నూరి ఇస్తుంటారు. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉన్నవి నూరకూడదు. అవి గంటల తరబడి నెమ్మదిగా కరిగేలా తయారైనవి. నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది. బదులుగా ఏమివ్వాలో డాక్టర్‌ను అడగండి.

తేడా కనిపిస్తే..

కొత్త మందు మొదలయ్యాక ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, ముఖం ఉబ్బు, నల్లటి విరేచనం, ఎడతెగని మగత కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. ఊపిరి తీసుకోవటం కష్టమైతే ఎమర్జెన్సీకే వెళ్లాలి. దుష్ప్రభావాలను నమోదు చేయటానికి మన దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. దీన్ని గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. డాక్టర్లే కాదు, రోగులు, బంధువులు కూడా 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు.

చిట్టాలో ఏముండాలి?

* రోగి పేరు, వయసు, బరువు, ఉన్న జబ్బులు
* ప్రతి మందు అసలు పేరు, బ్రాండ్ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు
* ఎప్పుడు వేసుకోవాలి? తినకముందా, తిన్నాకా? ఎందుకోసం?
* ఎప్పట్నుంచి వాడుతున్నారు, రాసిన డాక్టర్ ఎవరు
* పడని మందులు, అప్పుడు కనిపించిన లక్షణాలు
* ఇతర వైద్య పద్ధతుల మందులు, విటమిన్లు, సొంతంగా కొనుక్కునేవి
* చివరిసారి సరిచూసిన తేదీ

ఒక కాపీ మందుల డబ్బాలో, మరొకటి పర్సులో పెట్టండి. ఫొటో తీసి వేరే ఊళ్లో ఉన్న పిల్లలకూ పంపండి. మందు మారిన ప్రతిసారీ చిట్టానూ మార్చండి. ఇదంతా పావుగంట పని. అర్ధరాత్రి అంబులెన్సులో కూర్చొని 'ఆ మాత్ర పేరేంటి?' అని తడుముకునే పరిస్థితి రాకముందే, ఈ వారంలోనే ఆ పావుగంట కేటాయించండి.