కారు ఎప్పుడు ఆగుతోంది?

మోపిదేవిలో దర్శనం చేసుకుని, రేపల్లె వెళదామని పులిగడ్డ వారధి ఎక్కారు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు లాగదు. కాసేపటికి ఇంజిన్ ఆగిపోయింది. వెనక లారీ!

ఇంజిన్ ఆగితే స్టీరింగ్, బ్రేకు గట్టిపడతాయి. కంగారుపడకుండా హజార్డ్ లైట్లు వేసి, బండిని ఎడమపక్కకు తీసి, బ్రేకు ఒకేసారి గట్టిగా తొక్కాలి.

మెకానిక్‌ దగ్గర మాత్రం 'పంపు మార్చేయండి' అనకండి. ఎప్పుడు ఆగిందో చెప్పండి. సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

వేగం పెంచినప్పుడే బలం తగ్గుతోందా? ఇంధన ఫిల్టర్, పంపు చూడాలి. ఎయిర్‌ఫిల్టర్ కూడా. కోతల రోజుల్లో గుడివాడ చుట్టుపక్కల లేచే దుమ్ముకు అది త్వరగా మూసుకుపోతుంది.

సిగ్నల్ దగ్గర నిలిపినప్పుడే ఆగుతోందా? థ్రాటిల్ బాడీలో మసి చేరి ఉండొచ్చు. చాలాసార్లు శుభ్రం చేస్తే సరిపోతుంది.

వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టవుతోందా? క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి.

గతుకుల్లో ఆగితే వైర్లు వదులై ఉండొచ్చు. బందరు, నాగాయలంక ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైర్లు చిలుం పడతాయి. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడాలి.

స్కానర్ కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏది మార్చాలో కాదు. ఇంధన ఒత్తిడి, వోల్టేజీ కొలిచాకే కొత్త భాగం కొనండి.

వాననీటిలో ఆగితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లలోకి నీరు చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

ఈసారి కారు ఆగితే వేగం, ఇంజిన్ వేడి, ట్యాంకులో పెట్రోలు... ఓ కాగితంమీద రాసుకోండి. వేలరూపాయల వృథా ఖర్చు తప్పుతుంది!