మద్యనిషేధము – ఖజానా లెక్కలు

పగిడ్యాల, నందికొట్కూరు ప్రాంతవాసులకు ఒకప్పుడు రాజధాని తమ కర్నూలు పట్టణమే. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమునకు శాసనసభ అచ్చటనే కొలువుతీరెను. మరుసటి యేడు నవంబరు 6న ఆ సభలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో కూలిపోయెను. నాటి వివాదము మద్యనిషేధమును గూర్చినది. త్రాగుడు మాన్పించుటకు పుట్టిన చట్టము ప్రభుత్వమునే పడగొట్టుట యెట్లు సంభవించెనో తెలిసికొనుటకు మనము కొంత వెనుకకు పోవలెను.

1937 అక్టోబరు 1న మదరాసులో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము తొలుత సేలం జిల్లాలో నిషేధము విధించెను. మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాల వంతు వచ్చెను. కల్లు, సారాయి దుకాణములపై వచ్చు అబ్కారీ రాబడి నాటి ఖజానాకు పెద్ద ఆధారము. ఆ లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను వచ్చెను. చుక్క ముట్టని యింటివారు సైతము అంగడిలో ఆ భారము మోయవలసి వచ్చెను. ఇది అన్యాయమని మేమనము. త్రాగుబోతు బిడ్డల గంజికై ఊరివారందరు తలా ఒక కాసు వేసికొన్నట్లే గదా!

యుద్ధకాలమున సడలిన నిషేధము 1948 అక్టోబరు 2 నాటికి కర్నూలు సీమతో సహా రాష్ట్రమంతట అమలులోనికి వచ్చెను. కూలిడబ్బు కొన్ని యిండ్లకైనను భద్రముగా చేరెను. కాని తాటిచెట్టునే నమ్ముకొన్న గీతకార్మికుల బ్రతుకుతెరువు పోయెను. చాటున సారాయి కాచుట పెరిగి పోలీసులకు తీరని పని యయ్యెను. గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షమున నిలిచిరి. ఎస్. వి. రామమూర్తిగారి విచారణ సంఘము నిషేధమును తొలగింపుమని సిఫారసు చేసెను. మంత్రివర్గము దాని నమలుపరుపలేదు. పైని చెప్పిన వోటు ఆ మీదటిదే.

1969లో నిషేధము తొలగెను. అమ్మకపు పన్ను మాత్రము తొలగలేదు!

1990 దశకారంభమున నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొన వచ్చిన స్త్రీలు సారాయి అంగడిని మూయించిరి. వారు లెక్కించినది ఖజానా రాబడిని కాదు, మగవాడు ఇంటికి తెచ్చు కూలిని. ఉద్యమము జిల్లా యంతట ప్రాకి సారాయి వేలముల నడ్డగించెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి, 1995 జనవరి 16న సమస్త మద్యము నిషిద్ధ మయ్యెను. రాబడి లోటు మరల ముందుకు వచ్చి, 1997లో సంపూర్ణ నిషేధము ముగిసెను. దూబగుంట స్త్రీలు మూయించిన సారాయి అంగళ్లను తిరిగి తెరచుటకు మాత్రము ఆ ప్రభుత్వము పూనుకొనలేదు.