తక్కువ వెలుతురులో పక్షుల ఛాయాచిత్రణం

తక్కువ వెలుతురులో పక్షుల ఛాయాచిత్రణం అనగా తెల్లవారుజామున, సాయంసంధ్యలో లేదా దట్టమైన చెట్ల నీడలో తిరిగే అడవి పక్షులను, వాటి సహజమైన రంగులు చెడకుండా ఫొటో తీసే విధానం. వన్యప్రాణి ఛాయాచిత్రకళలో ఇది కష్టమైన విభాగం. వెలుతురు చాలనప్పుడు చిత్రం మసకబారడం, దానిపై ఇసుక చల్లినట్లు చుక్కలు (నాయిస్) ఏర్పడడం, రంగులు వెలవెలబోవడం అనే మూడు సమస్యలు ఎదురవుతాయి. పక్షిని బెదరగొట్టకుండా వీటిని అదుపు చేయడమే ఇందులోని ప్రధానాంశం.

ఉదాహరణ: పొన్నంగి పిట్ట

ఈ సమస్యలన్నిటికీ పొన్నంగి పిట్ట (శాస్త్రీయ నామం: పిట్టా బ్రాకియూరా) చక్కని ఉదాహరణ. ఆకుపచ్చని వీపు, కంటి మీదుగా నల్లని పట్టీ, రెక్కలపై మెరిసే నీలం, తోక క్రింద ఎరుపు గల ఈ పక్షిని హిందీలో నవరంగ్ అంటారు. ఉదయం, సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో కూస్తుంది కనుక తమిళంలో దీనిని ఆరుమణి కురువి (ఆరు గంటల పిట్ట) అంటారు. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియేయో ఈ ప్రజాతికి పెట్టిన "పిట్టా" అనే పేరు తెలుగు పదం నుండి వచ్చినదే. ఇది పొదల క్రింద, రాలిన ఆకులలో పురుగులను ఏరుకొని తింటుంది. అంటే ఇన్ని రంగులున్న పక్షి, వెలుతురు అతి తక్కువగా ఉండే చోటనే తిరుగుతుంది.

కాంతి లెక్క

చిత్రం ఎంత వెలుగుగా వస్తుందన్నది మూడు అమరికలపై ఆధారపడి ఉంటుంది.

* అపర్చర్: లెన్సులో కాంతి ప్రవేశించే ద్వారం. ఎఫ్/5.6 కంటే ఎఫ్/4 వద్ద రెండు రెట్లు, ఎఫ్/2.8 వద్ద నాలుగు రెట్లు కాంతి వస్తుంది.
* షట్టరు వేగం: కాంతిని స్వీకరించే సమయం. ఇది ఎక్కువైతే పక్షి కదలిక చిత్రాన్ని మసకబారుస్తుంది.
* ఐ.ఎస్.ఓ.: ఇది కాంతిని పెంచదు, అందిన సంకేతాన్ని మాత్రమే పెద్దది చేస్తుంది.

ఎఫ్/5.6 వద్ద సెకనులో 1000వ వంతు సమయానికి ఐ.ఎస్.ఓ. 12800 అవసరమయ్యే చోట, 125వ వంతు సమయం ఇస్తే 1600 సరిపోతుంది. పొన్నంగి పిట్ట నాలుగు గెంతులు వేసి, క్షణకాలం కదలకుండా నిలబడుతుంది. ఆ క్షణంలో వరుసగా కొన్ని చిత్రాలు తీస్తే తక్కువ వేగంలోనూ ఒకటి రెండు స్పష్టంగా వస్తాయి. ట్రైపాడ్, లెన్సులోని స్థిరీకరణ చేతి వణుకును మాత్రమే అరికడతాయి, పక్షి కదలికను ఆపలేవు.

అందిన కాంతి నాలుగో వంతుకు తగ్గితే, చిత్రంతో పోల్చినపుడు నాయిస్ సుమారు రెండింతలవుతుంది. అందువలన ఐ.ఎస్.ఓ.కు జంకి చీకటిగా తీసి, తరువాత కంప్యూటరులో వెలుగు పెంచడం వలన సాధారణంగా ప్రయోజనం ఉండదు.

రంగులు

మసక వెలుతురులో మన కంటికి ఎరుపు నల్లబడినట్లు, నీలం కొంత వెలుగుగా కనిపిస్తాయి. దీనిని పుర్కిన్యే ప్రభావం అంటారు. కెమెరాకు ఈ మార్పు ఉండదు కనుక కంటికి కనబడని ఎరుపు కూడా చిత్రంలో వస్తుంది. ఆకుల గుండా వచ్చే కాంతి చిత్రానికి ఆకుపచ్చని ఛాయను ఇస్తుంది. రా ఫార్మాట్‌లో తీస్తే ఈ ఛాయను తరువాత సరిచేయవచ్చు. పక్షుల ఈకలలోని నీలం దాదాపు ఎల్లప్పుడూ వర్ణద్రవ్యం వలన కాక, ఈకల సూక్ష్మ నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వలన ఏర్పడుతుంది.

పక్షుల సంరక్షణ

ఫ్లాష్ వాడితే వెలుతురు సమస్య తీరినట్లు అనిపించినా, పక్షి బెదరవచ్చు. గూటి వద్ద ఫ్లాష్ వాడరాదు. పక్షి కనబడడానికి కొమ్మలు నరికితే గూడు శత్రువుల కంటబడుతుంది. రికార్డు చేసిన కూతను వినిపించి పిలిస్తే, పోటీ పక్షి వచ్చిందని భ్రమించి అది మేత మాని వెదుకుతుంది. పొన్నంగి పిట్టలు శీతాకాలానికి దక్షిణ భారతానికి, శ్రీలంకకు వలస వస్తాయి. ప్రయాణంలో అలసి ఇళ్ళ ఆవరణలలో వాలేవీ ఉంటాయి. అటువంటి పక్షిని వెంబడించక, దూరంగా కూర్చొని వేచి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యాలలో ఛాయాచిత్రణానికి అనుమతులు ఇచ్చే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకునికి ఉంది.