మొదటిసారి స్కూబా డైవింగ్‌కు దిగేముందు

అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళి, వాళ్ళతో కరీబియన్ ఓడ ప్రయాణం చేసే పెద్దవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. మెక్సికోలోని కోజుమెల్ రేవులో ఓడ ఆగిన కొద్ది గంటల్లోనే, ఈత అంతగా రానివారికి కూడా స్కూబా డైవింగ్ ఆశ పుడుతుంది. శిక్షకుడు పక్కనే ఉంటాడు, 12 మీటర్ల లోతు దాటనివ్వడు. అయినా 10 మీటర్లకే ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది.

చెవి నొప్పి పుట్టకముందే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి. జలుబు ఉంటే ఆ గాలి చెవిలోకి పోదు. ఆ రోజుకు మానుకోండి. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లవచ్చు.

దిగేముందు ఒక ఆరోగ్య పత్రం నింపమంటారు. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నాయంటే డాక్టరు అనుమతి కావాలంటారు. రేవులో డాక్టరును ఎక్కడ వెతుకుతాం, కట్టిన డబ్బు పోతుందేమోనని అన్నిటికీ ‘లేదు’ అని రాసేయాలనిపిస్తుంది. నాకు అన్నిటికంటే భయం అక్కడే. బయలుదేరకముందే మీ డాక్టరును అడిగి, వద్దంటే ఒడ్డునే కూర్చోండి.

ఒక్కసారి మునిగినా కనీసం 12 గంటలు విమానం ఎక్కకూడదు. ఆ తర్వాత కీళ్ళనొప్పి, తిమ్మిరి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, డైవింగ్ చేశామని ముందుగా చెప్పండి.